పారవేసినది పోయినదా?

మనం రోజుకు పదిసార్లయినా పలికే మాట ‘పారవేయడం’. ఎంగిలి విస్తరి పారవేశామంటాము, చిరిగిన కాగితం పారవేశామంటాము, వాడిన పూలు పారవేశామంటాము. ఈ మాట పుట్టుకను గురించి ఆలోచించేవారు అరుదు. పూర్వం దీనిని బండిఱతో ‘పాఱవేయు’ అని వ్రాసేవారు. పాఱుట అంటే పరుగెత్తుట, ప్రవహించుట. ఏరు పారుతుంది, కాలువ పారుతుంది, చేనికి నీరు పారుతుంది. ఆ పారడంలోనుంచి వచ్చినదే ఈ పారవేయడం. అక్కరలేని వస్తువును కంటి ముందునుంచి సాగిపోయేటట్లు విసరివేయడమని దాని భావం.

ఈ మాటను వాడిన మన పెద్దలు అసత్యమాడలేదు. వారు పారవేసిన వస్తువులు నిజంగానే పోయేవి. విస్తరాకు పెంటకుప్పమీద పడి, ఏడాది తిరగకముందే ఎరువై చేనికి చేరేది. పగిలిన కుండ పెంకులై మట్టిలో కలిసేది. పూజచేసిన పూలు, పత్రి ఏటిలో వేస్తే కొద్ది రోజులలో కుళ్ళి నీటిలోని ప్రాణులకు ఆహారమయ్యేవి. చెరువుమట్టితో చేసిన వినాయకుడు తిరిగి ఆ చెరువులోనే కరిగిపోయేవాడు. మాటకు అర్థం సరిపోయేది. నేడు మాట అలాగే ఉన్నది, అర్థం మాత్రం తప్పిపోయింది. ఈ సంగతి నాకు నిఘంటువు చూస్తుండగా తట్టలేదు. ఒక వంతెనమీద నిలబడి ఉండగా తెలిసివచ్చింది. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ముందుగా మాటతో ప్రారంభించాను. ఇక ఆ వంతెన దగ్గరకు వస్తాను.

పసుపు సంచి

కొన్నేళ్ళ క్రిందట కార్తికమాసంలో మా ఇంట సత్యనారాయణవ్రతం జరిగింది. మరునాడు ఉదయం నేను కళాశాలకు బయలుదేరుతుండగా మా అమ్మ నిర్మాల్యం మూటగట్టి నా చేతికిచ్చింది. బంతిపూలు, తులసిదళాలు, తమలపాకులు, వడలిన మామిడాకులు, కొబ్బరిపీచు, అన్నీ ఒక పాలిథిన్ సంచిలో పెట్టింది. ఏదో బట్టలకొట్టువారు ఇచ్చిన పసుపుపచ్చని సంచి. దానిమీద ఎర్రని అక్షరాలు. “దారిలో ఒక్క పువ్వయినా కిందపడకూడదు. ఎవరి కాలికిందా నలగకూడదు. పారే నీళ్ళలో వెయ్యి నాయనా” అని చెప్పి, ఆమె సంచిమూతికి రెండు ముళ్ళు బిగించింది.

నేను హైదరాబాదులో మూసీనదిమీది చాదర్‌ఘాట్ వంతెనపై బండి ఆపి, నలుగురూ చేస్తున్నట్లే సంచిని క్రిందికి విసరినాను. ఒక దండం కూడా పెట్టుకొన్నాను. తరువాత క్రిందికి చూశాను. సంచి మునగలేదు, పారనూ లేదు. వంతెన స్తంభాన్ని ఆనుకొని పేరుకొన్న తెట్టుమీద పడి నిలిచిపోయింది. ఏళ్ళ తరబడి ఆ దారిన తిరుగుతున్నా ఆ తెట్టులో ఏమున్నదో నేను అంతవరకు పరిశీలనగా చూసినవాణ్ణి కాను. గుర్రపుడెక్క తీగలు, వాటిలో చిక్కుకొన్న పాలపొట్లాలు, థర్మోకోల్ ముక్కలు, తెగిన చెప్పులు, మందుల అట్టలు, షాంపూ పొట్లాలు, చిరుతిండ్ల సంచులు కనబడినవి. వాటి నడుమ నావంటివారు విసరిన మూటలు కూడా ఉన్నవి. ముడివేసిన తీరును బట్టి వాటిని గుర్తుపట్టవచ్చును.

సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు నా సంచి అక్కడే ఉన్నది. మరునాడూ ఉన్నది. మార్గశిరం పోయింది, పుష్యం పోయింది. ఎండకు రంగు కొంత వెలిసింది గాని ముళ్ళు ఊడలేదు. లోపలి పూలు ఏనాడో నల్లని ముద్ద అయి ఉంటవి. తరగతిలో ప్రబంధకవుల నదీవర్ణనలు వివరించడానికి పోతూ ఒకసారి, వివరించి వస్తూ ఒకసారి, దినానికి రెండుమార్లు దానిని చూసేవాణ్ణి. ఆషాఢంలో ఒక రాత్రి పెద్దవాన కురిసింది. తెల్లవారి చూస్తే సంచి లేదు, తెట్టు లేదు. నది ఎర్రనినీటితో నిండుగా పారుతున్నది. మనసులో ఒక బరువు దిగినట్లయింది. ఆ మరుక్షణమే ఒక ప్రశ్న పుట్టింది. అది పోయినదా? పోతే ఎక్కడికి పోయినది?

మూసీ కథ

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే నదిని గురించి కొంత తెలియాలి. మూసీ పెద్దనది కాదు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ముచుకుందానది అని దీనికి ప్రాచీనమైన పేరు. గోల్కొండ సుల్తానులు 1578లో దీనిమీద కట్టించిన పురానాపూల్ నేటికీ నిలిచి ఉన్నది. హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో. అంటే ఈ నగరంకంటె దాని నదిమీది వంతెన వయసున పెద్దది.

1908 సెప్టెంబరు 28న ఈ చిన్ననది మహోగ్రంగా పొంగి సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ విపత్తు తరువాత నిజాము ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సూచనలననుసరించి నగరానికి ఎగువన మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లోను నిర్మితమైనవి. గండిపేట చెరువని జనం పిలిచేది ఆ మొదటిదానినే. ఈ రెండు జలాశయాలు నగరాన్ని వరదలనుంచి కాపాడినవి, దప్పిక తీర్చినవి. ఆ మేలు చిన్నది కాదు.

కాని నగరం పెరిగినకొద్దీ నదికి మరొక దశ వచ్చింది. ఎగువ నీరు జలాశయాలలో నిలిచిపోవడంవల్ల, గేట్లు ఎత్తిన దినాలలో తప్ప, నగరమధ్యంలో మూసీకి దక్కే మంచినీరు బహుస్వల్పం. మిగిలినకాలంలో అందులో పారేది అధికభాగం నగరపు మురుగునీరే. ఆ నీటికి పెద్ద వస్తువులను మోసుకొనిపోయే వేగం ఉండదు. అందువల్ల తేలే చెత్త స్తంభాలకు, ఒడ్డులకు, గుర్రపుడెక్కకు చిక్కి నెలల తరబడి నిలుస్తుంది. వరద రాగానే పేరుకొన్నదంతా ఒక్కమారుగా కదలిపోతుంది. నా సంచి కథ ఇంతే.

ఇక్కడ మరొక సంగతి గుర్తుంచుకోవాలి. చెత్త అంతా వంతెనలమీదినుంచి విసరినది కాదు. వీధిలో పడిన చాయ్ కప్పు గాలికి దొర్లి మురుగుకాలువలో పడుతుంది. వానకు ఆ కాలువ నాలాలోకి, నాలా నదిలోకి దానిని మోస్తుంది. నది ముఖం ఎన్నడూ చూడనివాడి చెత్త కూడా నదికే చేరుతుంది. నగరంలోని ప్రతి వీధీ ఆ లెక్కన నదీతీరమే.

ఎందుకు తేలుతుంది?

ఉపాధ్యాయ మిత్రులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చును. ఒక పళ్ళెం నిండా నీరు పోయండి. మంచినీళ్ళ సీసా మూత ఒకటి, అదే సీసానుంచి కత్తిరించిన ముక్క ఒకటి, పలుచని చేతిసంచి ముక్క ఒకటి, థర్మోకోల్ పూస ఒకటి తీసుకోండి. ప్రతిదానిని వేలితో నీటిలోపలికి నొక్కి, బాగా తడిపి వదలండి. మూత పైకి వస్తుంది. సంచిముక్క పైకి వస్తుంది. థర్మోకోల్ పూస ఎగిరినట్లే పైకి వస్తుంది. సీసాముక్క మాత్రం అడుగున పడి ఉంటుంది. పిల్లలు తప్పక కారణం అడుగుతారు.

అన్నిటినీ మనం ప్లాస్టిక్ అనే ఒకే పేరుతో పిలిచినా, అవి ఒకే పదార్థం కావు. చేతిసంచులు చేసే పాలిథిన్, మూతలు చేసే పాలిప్రొపిలీన్ నీటికంటె తేలిక. నీటి సాంద్రత 1 అయితే పాలిథిన్‌ది రకాన్ని బట్టి 0.91 మొదలు 0.97 వరకు ఉంటుంది. సీసాలు చేసే పెట్ అనే పదార్థం సాంద్రత సుమారు 1.38, అది మునుగుతుంది. మరి ఖాళీసీసాలు నదిలో తేలుతున్నవే అంటారా? మూత బిగించి ఉండడంచేత లోపలి గాలి వాటిని తేలుస్తుంది. మూత ఊడి నీరు నిండితే సీసా అడుగుకు పోతుంది. మా అమ్మ నిర్మాల్యం మూటను తేల్చినవి కూడా ఆమె భక్తితో వేసిన ఆ రెండు ముళ్ళే. వాటి లోపల గాలి చిక్కుపడింది.

దీనినిబట్టి కంటికి కనిపించే తెట్టు మొత్తం చెత్తలో కొంతభాగమేనని తెలుస్తుంది. బరువైన రకాలు మొదటనే మునిగి బురదలో చేరుతవి. తేలికవాటికి కూడా నాచు పట్టి, మట్టి అంటుకొని, కాలక్రమాన కొన్ని మునిగిపోతవి. ఎండలో పడి ఉన్నవి పెళుసెక్కి, చిట్లి, ముక్కలు ముక్కలవుతవి. ముక్కలైనంతమాత్రాన ఆకువలె కుళ్ళి మట్టి కావు. 5 మిల్లీమీటర్లకంటె చిన్నవైన ఆ తునకలను శాస్త్రజ్ఞులు సూక్ష్మప్లాస్టిక్ అంటున్నారు. నీటిలోను, చేపల కడుపులోను, ఉప్పులోను, చివరకు మనిషి రక్తంలోను వాటిని కనుగొన్నారు. తెట్టును చూసి ముక్కు మూసుకొనేవారు, తెట్టు లేని నీటిని చూసి నిశ్చింతగా ఉండడం పొరపాటు.

ఈ పదార్థం వయస్సు ఎంతో కూడా విద్యార్థులకు చెప్పదగినది. పాలిథిన్ 1933లో ఇంగ్లండులోని ఒక రసాయనశాలలో వేరొక ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా పుట్టింది. నేడు మనం చూసే చేతిపిడుల పలుచని సంచిని రూపొందించినవాడు స్వీడన్ దేశపు ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్. దానికి 1965లో పేటెంటు లభించింది. కాగితపు సంచులకోసం చెట్లు నరకడం తప్పించాలన్నది ఆయన ఉద్దేశమనీ, ఆయన తన సంచిని మడిచి జేబులో పెట్టుకొని మళ్ళీ మళ్ళీ వాడేవాడనీ ఆయన కుమారుడు తరువాతి కాలంలో చెప్పినాడు. దీర్ఘకాలం నిలిచే గుణమే దాని గొప్ప. అటువంటి వస్తువును అరగంట వాడి పారవేసే అలవాటు మాత్రం మనం చేసుకొన్నదే.

చిన్ననదుల పెద్దపాలు

“సముద్రంలో ప్లాస్టిక్ అంటే గంగ, యాంగ్‌ట్సీవంటి మహానదుల పని, మన మూసీ ఎంత?” అని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఈ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. 2017లో వెలువడిన ఒక పరిశోధన నదులద్వారా సముద్రానికి చేరే ప్లాస్టిక్‌లో అత్యధికభాగాన్ని పది మహానదులకే అంటగట్టింది. కాని 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రకటితమైన మరింత వివరమైన పరిశోధన వేరుగా తేల్చింది. ఏటా నదులనుంచి సముద్రానికి 8 లక్షల మొదలు 27 లక్షల టన్నులదాకా ప్లాస్టిక్ చేరుతున్నదనీ, అందులో 80 శాతం వెయ్యికి పైగా నదులు మోస్తున్నవనీ, నగరాల గుండా పోయే చిన్ననదులు వాటిలో ముఖ్యమైనవనీ ఆ పరిశోధకులు అంచనా వేశారు. సముద్రానికి దగ్గరగా ఉన్న నదులు ఎక్కువ మోస్తవి. మూసీవంటి లోతట్టు నదుల చెత్త చాలావరకు దారిలోనే కత్వలలో, జలాశయాలలో, పొలాలలో ఆగిపోతుంది. సముద్రానికి చేరలేదని సంతోషించడానికి లేదు. అది ఆగినచోట కూడా మనుష్యులే ఉన్నారు.

ఇక నగరం సంగతి. నాలా గొంతులో ఇరుక్కొన్న సంచులు వాననీటికి అడ్డుపడితే ఆ నీరు ఇళ్ళలోకి వస్తుంది. 2005 జూలై 26న బొంబాయిలో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన కురిసి మీఠీనది పొంగినప్పుడు, అంతటి వానకు తోడు ప్లాస్టిక్‌తో పూడిన కాలువలు కూడా కష్టాన్ని పెంచినవని అందరూ గ్రహించారు. అంతకుముందే బంగ్లాదేశం ఈ పాఠం నేర్చుకొన్నది. 1988, 1998 సంవత్సరాల వరదలలో ఢాకా నగరపు కాలువలను పాలిథిన్ సంచులు దిగ్బంధించిన అనుభవంతో, 2002లో ఆ దేశం పలుచని సంచులను నిషేధించింది. ప్రపంచంలో అట్లా చేసిన మొదటి దేశం అదే. శాసనం చేయడంలో చూపిన పట్టుదల అమలులో నిలువలేదన్నది కూడా ఆ కథలోని భాగమే.

మన దేశంలోను శాసనాలు లేకపోలేదు. 2016లో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చినవి. ఒక్కసారి వాడి విసరివేసే కప్పులు, పళ్ళేలు, చెంచాలు, గొట్టాలువంటి వస్తువులను 2022 జూలై 1 నుంచి నిషేధించారు. చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గరాదనే నియమం 2022 డిసెంబరు 31 నుంచి అమలులో ఉన్నది. మా వీధిలోని కూరగాయల బండిమీద పలుచని సంచుల కట్ట నేటికీ వ్రేలాడుతూనే ఉన్నది. బండివాణ్ణి అడిగితే, “సంచి ఇయ్యకపోతే బేరం పోతది సార్” అన్నాడు. అతని మాటలో తప్పు వెదకడానికి ముందు నా చేతిలో గుడ్డసంచి ఉన్నదా అని చూసుకొన్నాను. ఆ రోజున లేదు.

వల వేసి పట్టవచ్చునా?

నదిలో తేలేదానిని అక్కడే పట్టివేయరాదా అని విద్యార్థులు అడుగుతారు. పట్టవచ్చును, పడుతున్నారు కూడా. అమెరికాలోని బాల్టిమోరు నగరంలో ఒక వాగు రేవులో కలిసేచోట 2014లో ఒక చక్రపుయంత్రాన్ని నిలిపారు. వాగునీటి వేగానికే చక్రం తిరిగి, తేలివచ్చే చెత్తను పట్టీమీదకు ఎత్తి తొట్టిలో పోస్తుంది. నీరు మందగించినప్పుడు సూర్యశక్తి తోడ్పడుతుంది. పిల్లలకు నచ్చేటట్లు దానికి రెండు పెద్ద కళ్ళు కూడా పెట్టారు. ఆమ్‌స్టర్‌డాం నగరంలో 2019లో ఒక కాలువ అడుగున రంధ్రాలున్న గొట్టాన్ని ఏటవాలుగా పరచి, దానిగుండా గాలి వదలినారు. పైకి లేచే బుడగల తెర ప్లాస్టిక్‌ను ప్రక్కకు నెట్టి తొట్టిలో చేరుస్తుంది. పడవలకు, చేపలకు అడ్డు లేదు. మన హుస్సేన్‌సాగర్‌లో కూడా తేలే చెత్తను ఎత్తే యంత్రపు పడవలు తిరుగుతున్నవి. నాలాల ముఖాన వలలు, ఇనుపజాలీలు కట్టి, వాటిని వానకు ముందు శుభ్రం చేయడం ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ అయిన పని.

అయితే ఈ యంత్రాలన్నీ కలిసి చేసేది చివరిమెట్టు మీది పని. ఇల్లు ఊడ్చేవాడు గుమ్మం దగ్గర చెత్త ఎత్తితే చాలు, అది గాలికి ఇల్లంతా చెదరనిచ్చి తరువాత ఏరుకోవడం తెలివి కాదు. పైగా మునిగినదానిని, తునకలైనదానిని ఏ వలా పట్టలేదు.

ఒక సంగతి నన్ను ఆలోచింపజేసింది. తెట్టులో సీసాలు తక్కువ, పలుచని సంచులు, పొట్లాలు ఎక్కువ. కారణం ఒక చెత్త ఏరుకొనే ఆమెను అడిగితే తెలిసింది. సీసాలకు పాతసామాను కొట్టులో ధర ఉన్నది. ఆమెవంటివారు వాటిని నదికి పోకముందే ఏరుకొంటారు. షాంపూ పొట్లానికి, చిరుతిండి సంచికి ధర లేదు. అందులో ప్లాస్టిక్‌తో పాటు లోహపుపొర అతికి ఉంటుంది. దానిని విడదీసి కరిగించడం కష్టం. కనుక దానిని ఎవరూ వంగి తీయరు. నదిమీద తేలేది చాలావరకు బజారులో వెల లేని చెత్త అన్నమాట. అటువంటి పొట్లాలను తయారుచేసి అమ్మేవారు వాటిని తిరిగి సేకరించే బాధ్యత వహించాలని నియమాలు చెబుతున్నవి. ఆ బాధ్యత కాగితంమీదినుంచి నాలా ఒడ్డుకు రావలసి ఉన్నది. నదిఒడ్డున గుడిసె వేసుకొన్నవాణ్ణి నిందించడం మనకు తేలిక. అతని వీధికి చెత్తబండి రాదు. ఎగువ వీధుల చెత్త మాత్రం అతని గుమ్మంలోకే వస్తుంది.

పట్నం పంపిన సారె

ఆ ఏడు శ్రావణంలో నేను మా స్వగ్రామానికి వెళ్ళాను. మాది వలిగొండ ప్రాంతం, మూసీకి దిగువన. నిజాము కాలంనుంచి ఆ ప్రాంతంలో నదికి అడ్డంగా రాతి కత్వలున్నవి. వాటినుంచి చీలిన కాలువలతో వరి పండుతుంది. చిన్నప్పుడు మేము ఈదులాడినది ఆ కాలువలలోనే.

మా చిన్నాయన పొలందగ్గర తూము వద్ద నిలబడి పొడవాటి కర్రకు కట్టిన కొడవలితో నీటిలోనుంచి ఏదో లాగుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే పాలిథిన్ సంచులు. బురదతో, నాచుతో బరువెక్కి, ఒకదానికొకటి పెనవేసుకొని తూమునోటికి అడ్డుపడినవి. గట్టుమీద అప్పటికే ఒక పెద్ద కుప్ప అయింది. ఆయన నన్ను చూసి నవ్వి, “చూసినవా కొడుకా, మీ పట్నమోళ్ళు పంపిన సారె! ఏటేటా వానకాలంల వస్తది, ఒక్క ఏడు గూడ తప్పది” అన్నాడు. వాన తగ్గినాక మడిలో నాగలికి సంచులు చుట్టుకొంటవనీ, గడ్డితో పాటు మింగిన గేదె ఒకటి పొట్ట ఉబ్బి చచ్చిపోయిందనీ చెప్పినాడు. ఆ మాటలు చెప్పేటప్పుడు నవ్వలేదు.

నేను ఆ కుప్పలో పసుపుపచ్చని సంచికోసం కళ్ళతో వెదికినాను. పసుపువి రెండుమూడు కనిపించినవి. అక్షరాలు ఏమీ మిగలలేదు. అందులో నాది ఉన్నదో లేదో చెప్పలేను. ఉండకపోవడానికి కారణం మాత్రం ఏదీ కనిపించలేదు. చిన్నాయనతో ఆ సంగతి చెప్పాలనుకొన్నాను, నోరు రాలేదు. చొక్కా చేతులు మడిచి, ప్రొద్దుగుంకేదాకా ఆయనతో పాటు సంచులు లాగినాను. మా తూము దాటిపోయినవి సూర్యాపేట దగ్గరి మూసీ జలాశయానికి, అక్కడా నిలవనివి వాడపల్లి దగ్గర కృష్ణకు, అటుపైన పులిచింతలకు, ప్రకాశం బరాజుకు, చివరకు సముద్రానికి పోవలసినవే. నా ప్రశ్నకు ఆనాడు సమాధానం దొరికింది. పారవేసినది పోలేదు, మా చిన్నాయన మడిలోకి వచ్చింది.

చెట్టు మొదట

ఇంటికి వచ్చి అమ్మతో జరిగినదంతా చెప్పినాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మరి నిర్మాల్యం తొక్కేచోట వెయ్యకూడదు కదా” అన్నది. ఆ సందేహం న్యాయమైనదే. దేవుడికిచ్చిన పువ్వును గౌరవంగా సాగనంపాలన్న భావనలో దోషమేమీ లేదు. ఆచారం పుట్టినప్పుడు పువ్వుతో పాటు పోయేది ఆకుదొన్నె. దొన్నె పోయి సంచి వచ్చింది. ఆ మార్పును ఆచారం గమనించలేదు, మనమూ గమనించలేదు. పెరటిలో పారిజాతం మొదట మూరెడు లోతు గొయ్యి తవ్వి, దానిమీద ఒక రాతిపలక కప్పినాను. ఇప్పుడు మా ఇంటి నిర్మాల్యం అందులోకి పోతుంది. కొన్ని నెలలకు మూత తీసి చూసిన అమ్మ, “ఇది మట్టే అయిందిరా” అని, పిడికెడు తీసి తులసికోటలో వేసింది.

ఇది పెద్దపని అని నేను అనుకోవడం లేదు. నగరపాలకులు చేయవలసినవి, వ్యాపారులు చేయవలసినవి వేరే ఉన్నవి. వారిచేత చేయించుకోవడం పౌరుల విధి. కాని ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ పాఠశాల దగ్గర ఒక కాలువో, వాగో, చెరువు అలుగో తప్పక ఉంటుంది. నెలకొకసారి పిల్లలను అక్కడికి తీసుకొనిపోయి, దూరాననే నిలిపి, తేలుతున్న వస్తువులను లెక్కవేయించండి. సంచులెన్ని, పొట్లాలెన్ని, కప్పులెన్ని, పూజమూటలెన్ని అని పట్టిక వ్రాయించండి. వానకు ముందు, వానకు తరువాత వ్రాసిన పట్టికలను పోల్చిచూడమనండి. ఏ వస్తువు ఏ దుకాణంనుంచి, ఏ ఇంటినుంచి వచ్చి ఉంటుందో పిల్లలే చెబుతారు. ఆ పట్టికను మీ ఊరి పాలకసంఘానికి పంపండి. లెక్కలు, విజ్ఞానశాస్త్రం, పౌరశాస్త్రం, తెలుగు వ్యాసరచన, నాలుగు పాఠాలూ అందులోనే ఉన్నవి.

సుమతీశతకకారుడు మంచి ఊరికి కావలసినవాటిలో ఎన్నడూ ఎండని ఏటిని ఒకటిగా చెప్పినాడని మనం చిన్నతరగతులలోనే నేర్పుతాము. ఏరు ఉన్న ఊరిలో ఉండమన్నాడాయన. ఏటికి దిగువన మరొక ఊరు ఉంటుందన్నది, ఆ పాఠం చెప్పేటప్పుడు మనం కలుపుకోవలసిన మాట.

నేను ఇప్పటికీ రోజూ ఆ వంతెనమీదనే పోతున్నాను. స్తంభం దగ్గర తెట్టు తిరిగి చేరింది. మొన్న ఒక యువకుడు బండి ఆపి, ముడివేసిన సంచిని చేతిలోకి తీసుకొన్నాడు. నేనూ ఆగి, అతన్ని మందలించకుండా, నా పసుపు సంచి కథ చెప్పినాను. అతడు విన్నాడు. సంచిని మళ్ళీ బండికి తగిలించుకొని, “మరి ఇది ఎక్కడ వెయ్యమంటారు సార్?” అని అడిగినాడు. మా ఇంటి పారిజాతం సంగతి చెప్పినాను. వాళ్ళది మూడో అంతస్తట, చెట్టు లేదట. ఆ సాయంత్రం అతని సంచిని నేనే ఇంటికి తెచ్చి, పూలను గొయ్యిలో వేసి, సంచిని కడిగి ఆరవేసినాను. అది ఇంకా మా ఇంటి కొక్కేనికి వ్రేలాడుతున్నది. దానిని ఎక్కడ పారవేయాలో నాకు తెలియదు.